డాన్యూబ్ ఓడకు టికెట్టు కొనే ముందు

మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భంలో మమ్మల్ని యూరప్‌లో నది మీద ఓడ ప్రయాణానికి పంపాలని మా అమ్మాయి పట్టుబట్టి, డల్లాస్ నుంచి ఎనిమిది సంస్థల బ్రోషర్లు ఒకేసారి పంపించింది. వాటిని రాజమండ్రిలో మా వరండాలో పరుచుకుని కూర్చుంటే ప్రతి అట్ట మీదా అదే తెల్లని పొడుగాటి ఓడ, అదే కొండ మీద కోట, డెక్కు మీద అదే నెరిసిన జుట్టు దంపతులు కనిపించారు. పేర్లున్న చోట చెయ్యి అడ్డం పెడితే ఏది ఏ సంస్థదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ధరల్లో మాత్రం ఒకదానికీ మరొకదానికీ రెట్టింపు తేడా ఉంది. ఆ తేడా ఎందుకో సగం తేల్చుకోవడానికే నాకు దాదాపు నెలన్నర పట్టింది, మిగిలిన సగం ఓడ ఎక్కిన తరువాత తెలిసింది. ఆ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మేము డాన్యూబ్ నది మీద హంగరీలోని బుడాపెస్టు నుంచి జర్మనీలోని పసావు దాకా వెళ్ళాము. ఆ ఓడ సంస్థ పేరు రాయడం లేదు. ఒక్క ఓడను ఒక్క వారం చూసి సంస్థ మొత్తాన్ని తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, సర్వీసులో ఎక్కువ కాలం ధవళేశ్వరం చుట్టుపక్కలే గడిపాను. అందువల్ల నాకు మొదట అర్థమైనది లాకుల సంగతి, అంటే నీరు నింపి గానీ తీసి గానీ ఓడను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల గదుల సంగతి. రైన్ ఉపనది అయిన మైన్‌నూ డాన్యూబ్‌నూ కలిపే కాలువ 171 కిలోమీటర్ల పొడవున 1992లో పూర్తయింది. దాని మీద 16 లాకులు ఉన్నాయి, ప్రతి లాకు వెడల్పూ 12 మీటర్లే. ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరి బుడాపెస్టు చేరవలసిన ఓడ ఏ సంస్థదైనా సరే ఆ 12 మీటర్లలో పట్టాలి కాబట్టి అందరూ 11.4 మీటర్ల వెడల్పుతో, గరిష్ఠంగా 135 మీటర్ల పొడవుతో ఓడలు కట్టుకున్నారు. దారిలో వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి కనుక అంతస్తులు కూడా మూడుకు మించవు. బయటి పెట్టె అందరిదీ ఒకటే అయినప్పుడు, ఆ పెట్టె లోపల ఎంతమందిని కూర్చోబెట్టారన్నదే మొదట అడగవలసిన ప్రశ్న. బ్రోషరులో ఇది చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ చివరి పేజీలు వరసగా చదివితే ధరల రహస్యం చాలావరకు విడిపోతుంది. వైకింగ్ సంస్థ 2012 నుంచి నడుపుతున్న లాంగ్‌షిప్ అనే రకం ఓడల్లో 135 మీటర్ల పొడవులో 190 మంది ప్రయాణికులు ఉంటారు. ఎమరాల్డ్ ఓడల్లో సుమారు 180 మంది, అవలాన్ ఓడల్లో 166 మంది, యూనివరల్డ్ వారి మరియా థెరీసా ఓడలో 150 మంది ఉంటారు. టాక్ అనే అమెరికన్ సంస్థ తన సేవర్, జాయ్ అనే ఓడల్లో అదే పొడవులో 130 మందినే ఎక్కిస్తుంది. 190 మందికీ 130 మందికీ తేడా అరవై మందే కదా అనిపించవచ్చు. కానీ భోజనశాల ఒక్కటి, కూర్చునే హాలు ఒక్కటి, గట్టు మీదికి దిగే మెట్ల వంతెన ఒక్కటి ఉన్న చోట ఆ అరవై మంది ఎంత బరువో ఉదయం తొమ్మిదింటికి ఊళ్ళోకి నడక మొదలయ్యేటప్పుడు తెలుస్తుంది. అయితే జనం తక్కువైతే చాలు మంచి ఓడ అనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే అలా వదిలేసిన ప్రతి చదరపు అడుగు ఖరీదూ మిగిలినవాళ్ళ టికెట్టులోనే కలుస్తుంది.

ఈ కొలతకు ఒక్క మినహాయింపు ఉంది, ఇంజనీరుగా నాకు అది మరీ నచ్చింది. అమావాటర్‌వేస్ సంస్థ 2019లో అమామాగ్నా అనే ఓడను 22 మీటర్ల వెడల్పుతో కట్టింది. మామూలు ఓడకు దాదాపు రెట్టింపు వెడల్పులో 196 మందినే ఎక్కించుకోవడంతో గదులు హోటలు గదులంత విశాలంగా వచ్చాయి. ఆ వెడల్పుతో అది కాలువ లాకుల్లో దూరలేదు కాబట్టి జీవితమంతా డాన్యూబ్ మీదే తిరగవలసిందే. ఆస్ట్రియాలో డాన్యూబ్ లాకుల వెడల్పు 24 మీటర్లు ఉండటం వల్ల ఆ మాత్రమైనా సాధ్యమైంది. డాన్యూబ్ ఒక్కటే చూడదలచుకున్నవారికి, మోకాళ్ళ నొప్పులతో ఇరుకు గదిలో తిరగలేనివారికి ఈ ఓడను నేను ముందుగా చెబుతాను. మేము వెళ్ళిన వారంలో దానిలో ఖాళీలు లేవు.

గదుల విషయంలో మాటలను నమ్మకుండా ప్లాను చూడాలి. ఫ్రెంచ్ బాల్కనీ అన్న మాట విని కుర్చీ వేసుకుని కూర్చోవచ్చని మేము అనుకున్నాము. అది నేల నుంచి పైకప్పు దాకా జరిపే అద్దపు తలుపు, దానికి అవతల కమ్మీ; కాలు బయట పెట్టడానికి జాగా ఉండదు. వైకింగ్ లాంగ్‌షిప్‌లో నడవను ఓడ మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిపి, ఒకవైపు నిజమైన బాల్కనీ ఉన్న 205 చదరపు అడుగుల గదులను, రెండోవైపు ఫ్రెంచ్ బాల్కనీతో 135 చదరపు అడుగుల గదులను ఇమిడ్చారు. అవలాన్ వాళ్ళు బాల్కనీయే తీసేసి, ఆ జాగాను గదిలో కలిపి 200 చదరపు అడుగులు చేసి, మంచాన్ని నది వైపు తిప్పి, గోడంత కిటికీ పెట్టారు. మిగిలిన సంస్థల్లో మంచం మీద పడుకుంటే ఎక్కువగా ఎదురుగా గోడో అలమరో కనిపిస్తుంది, అవలాన్‌లో నది కనిపిస్తుంది. ఓడ మొత్తంలో మనం ఎక్కువసేపు ఉండేది మంచం మీదే కాబట్టి ఆ ఆలోచన చేసినవాళ్ళను మెచ్చుకోవాలి. అన్నిటికన్నా కింది అంతస్తు గదులు మాత్రం ఏ సంస్థవైనా చవక. వాటి కిటికీ తలకన్నా ఎత్తులో చిన్నదిగా ఉండి, దాని అంచుకు కొద్దిగా కిందనే నీళ్ళు పారుతుంటాయి. లిఫ్టు చాలా ఓడల్లో ఆ అంతస్తుకూ రాదు, పై డెక్కుకూ పోదు.

మేము మధ్య అంతస్తులో ఫ్రెంచ్ బాల్కనీ గది తీసుకున్నాము. ఒక రోజు ఉదయం వియన్నాలో నది చూద్దామని నా శ్రీమతి తెర లాగేసరికి, రెండడుగుల దూరంలో మరొక ఓడ కిటికీ, ఆ కిటికీలో టీ కప్పుతో కూర్చున్న ఒక తెల్లజుట్టు ముసలావిడ కనిపించారు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మా ఆవిడ అలవాటుగా నమస్కారం పెడితే ఆవిడ కప్పు పైకెత్తి చూపించింది. ఊళ్ళలో రేవులు తక్కువై ఓడలు ఎక్కువైన చోట ఇలా రెండు మూడు ఓడలను పక్కపక్కనే కట్టేస్తారు. బయటి ఓడ వాళ్ళు లోపలి ఓడ హాలులోంచి నడిచి గట్టెక్కాలి. ఆ వారంలో మాకు మూడు చోట్ల అలాగే జరిగింది. బాల్కనీకి అదనంగా కట్టిన డబ్బు ఓడ నడుస్తున్న గంటలకే పనికొస్తుందని, ఆ నడక కూడా ఎక్కువగా రాత్రిపూటేనని తెలిసి ఉంటే ఆ డబ్బుతో బుడాపెస్టులో ఇంకో రెండు రోజులు ఉండేవాళ్ళం.

నడక సంగతి వచ్చింది కాబట్టి మరొక మాట. ఆస్ట్రియాలో మెల్క్, క్రెమ్స్ ఊళ్ళ నడుమ ఉండే వాఖావు లోయను పగటిపూట దాటుతారా లేదా అని టికెట్టు కొనే ముందే అడగాలి. ద్రాక్షతోటలు మెట్లు మెట్లుగా నదిలోకి దిగే ఆ ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోయ యునెస్కో జాబితాలో ఉంది. ఇంగ్లండు రాజు రిచర్డును 1192లో పట్టి బంధించిన డ్యూర్న్‌స్టయిన్ కోట శిథిలాలు అక్కడే ఉన్నాయి. ఆ రెండు గంటలు చీకట్లో జరిగిపోతే ఆ ప్రయాణం పాపికొండలు చూడటానికి వెళ్ళి నిద్రపోయినట్టే. రైన్ మీద అయితే కోబ్లెంజ్ నుంచి బింగెన్ దాకా 65 కిలోమీటర్ల లోయ విషయంలో ఇదే ప్రశ్న అడగాలి. మా సంస్థ వాఖావును పగలే దాటించింది. వాళ్ళకు దాని విలువ తెలుసు.

ఇక ధరలో ఏమేమి కలిసి ఉన్నాయన్న లెక్కకు వస్తాను, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సంస్థలు రెండు రకాలు. సీనిక్, టాక్, యూనివరల్డ్ వంటివి అన్నీ కలిపిన ధర చెబుతాయి. రోజంతా మద్యం, టిప్పులు, ఊళ్ళు చూపించడం అందులోనే ఉంటాయి. వైకింగ్ వాళ్ళు మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో బీరు, వైన్ ఇచ్చి, ప్రతి ఊళ్ళోనూ ఒక నడక ఉచితంగా పెట్టి, మిగిలినవి విడిగా అమ్ముతారు, టిప్పులు కూడా విడిగానే. అమావాటర్‌వేస్ పద్ధతి దీనికి దగ్గరే, అయితే ఊళ్ళో ఎంచుకోవడానికి నడకలు ఎక్కువ ఉంటాయి, సైకిళ్ళు ఉచితం. టిప్పు సుమారుగా మనిషికి రోజుకు 15 నుంచి 20 యూరోలని అనుకుంటే ఇద్దరికి వారానికి 210 నుంచి 280 యూరోలు అవుతుంది. అది కలిపి చూసినా మాకు రెండవ రకమే లాభించింది, ఎందుకంటే మేమిద్దరమూ మద్యం ముట్టము. అన్నీ కలిసిన ఓడ ఎక్కితే పక్క బల్ల మీద ఖాళీ అవుతున్న షాంపేన్‌లో మా వాటా కూడా ఉన్నట్టే. తాగే అలవాటు ఉన్న కుటుంబానికి ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు సీనిక్ ధర చూసి భయపడనక్కరలేదు. సీనిక్ గదికొక బట్లర్ అన్నది మాత్రం మన ఇళ్ళలో ఎవరికైనా మొహమాటమే తప్ప సుఖం కాదని నాకు అనిపిస్తుంది.

భోజనం గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు. నేను కోడి, చేప తింటాను, నా శ్రీమతి గుడ్డు కూడా తినదు. బుక్ చేసేటప్పుడు శాకాహారం అని ఒక్క మాట రాసి ఊరుకున్నాము. యూరప్‌లో ఆ మాటకు గుడ్డు ఉంటుంది, జున్ను ఉంటుంది, సూపులో కోడి ఎముకల నీళ్ళు ఉన్నా కొందరికి అభ్యంతరం ఉండదు. మొదటి రాత్రి వచ్చిన సూపు గురించి మూడుసార్లు అడిగితే గానీ నిజం బయటపడలేదు. మరునాడు పొద్దున్నే భోజనశాల పెద్దను కలిసి, మాంసం, చేప, గుడ్డు, వాటి రసం ఏదీ పనికిరాదని, పాలు, పెరుగు, వెన్న పనికొస్తాయని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని వంటగది గోడకు అంటించారు. ఆ తరువాత పొరపాటు జరగలేదు. కానీ ఏడు రాత్రుల్లో మూడు రాత్రులు రిసొట్టో అనే ఇటలీ అన్నం వంటకమే వచ్చింది. అది పాయసంలో ఉప్పు వేసినట్టుంది అని మా ఆవిడ అంది. ఏప్రిల్ చివర వెళ్ళడం ఒక అదృష్టం, ఎందుకంటే ఆ దేశాల్లో అప్పుడు తెల్ల ఆస్పరాగస్ అనే కూర కాడల కాలం. జూన్ దాకా ప్రతి ఊళ్ళోనూ దాన్ని పండగలా తింటారు. వెన్నలో వేసిన ఆ కాడలు, ఉడికించిన బంగాళాదుంపలు ఆమెకు నచ్చాయి.

అసలు ఆదుకున్నది ఉదయం ఫలహారాల బల్ల మీద ఉండే చిక్కని పెరుగు. ప్రతి రాత్రీ మా ఆవిడ ఒక గిన్నెడు తెల్లన్నం అడిగి తెప్పించుకుని, పొద్దున దాచమని చెప్పిన పెరుగు కలుపుకుని, చేతిసంచిలోంచి మాగాయ డబ్బా తీసేది. మూడవ రోజుకు వడ్డించే ఫిలిప్పీన్స్ అబ్బాయి అడగకుండానే అన్నం తెచ్చి పెట్టాడు, ఐదవ రోజు మాగాయ రుచి కూడా చూశాడు, మరి రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్ళు మాత్రం సూట్‌కేసులో పెట్టకూడదు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలను, మాంసాన్ని ప్రయాణికులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. భోజనం కోణంలో చూస్తే ఫ్రెంచ్ వారి క్రొయిజీయూరోప్‌ను జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1976లో స్ట్రాస్‌బర్గ్‌లో మొదలై ఇప్పటికీ ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఈ సంస్థ ధరలు అమెరికన్ సంస్థలకన్నా తక్కువ, పానీయాలు కూడా అందులోనే కలుస్తాయి. కానీ అక్కడ అందరికీ ఒకే వరస భోజనం వడ్డించే ఫ్రెంచ్ పద్ధతి, మెనూ చూసి ఏరుకునే వీలు తక్కువ. తినడంలో పట్టింపులేని వారికి, లువార్ వంటి లోతులేని నదులను చూడాలనుకునే వారికి మాత్రం అది మంచి బేరం; లువార్ మీద నడవడానికి వాళ్ళు 2015లో తెడ్ల చక్రంతో ప్రత్యేకంగా ఒక ఓడనే కట్టారు.

ఇంతకన్నా పెద్ద విషయం నీరు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు, నది ప్రతి ఏడూ ఒకలా ఉండదు. రైన్ మీద జర్మనీలోని కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం కొలత 2018 అక్టోబరులో 25 సెంటీమీటర్లకు పడిపోయింది, 2022 ఆగస్టులోనూ 40 సెంటీమీటర్ల కిందికి వెళ్ళింది. అది కొలబద్ద మీద అంకె, నది లోతు దానికన్నా ఎక్కువే ఉంటుంది. అయినా ఓడలు మాత్రం ఆగిపోయాయి. 2013 జూన్‌లో దీనికి పూర్తిగా ఎదురు: పసావులో డాన్యూబ్ వరద 12.89 మీటర్లకు చేరి పాత ఊరిని ముంచింది. ఇలాంటప్పుడు ఓడ ఒకచోట నిలిచిపోతే ప్రయాణికులను బస్సుల్లో తరలిస్తారు, లేదా అవతలి వైపు ఇరుక్కున్న మరో ఓడలోకి మారుస్తారు. మార్గం మార్చే హక్కు సంస్థదేనని, దానికి డబ్బు వాపసు ఇవ్వనక్కరలేదని ప్రతి ఒప్పందంలోనూ రాసి ఉంటుంది. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టినవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అందుకని నదిని ఎంచుకోవడం సంస్థను ఎంచుకోవడం కన్నా ముందు జరగాలి. ఆనకట్టలు మెట్లలా వరసగా కట్టిన నదిలో ప్రతి మెట్టులోనూ నీరు నిలబడుతుంది. ఆనకట్టలు లేకుండా పారే భాగంలోనే ఇసుక మేటలు బయటపడతాయి. రైన్ మీద ఇఫెట్స్‌హైమ్ దిగువన లాకులు లేవు, నది స్వేచ్ఛగా పారుతుంది, కౌబ్ ఆ భాగంలోనే ఉంది. డాన్యూబ్ మీద స్ట్రౌబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా సుమారు 70 కిలోమీటర్లు అలాంటిదే. కనుక న్యూరెంబర్గ్ దాకా పోయే టికెట్టు కన్నా పసావులో ముగిసే టికెట్టు కొంత క్షేమం, మేము అదే తీసుకున్నాము. పోర్చుగల్‌లో డ్యూరో నది మీద ఓడలు తిరిగే భాగంలో అయిదు ఆనకట్టలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో రోన్ మీద లియోన్ నుంచి సముద్రం దాకా పన్నెండు లాకులు ఉన్నాయి. ఎండాకాలంలో ఆ నదుల మీద నీరు లేక ఓడ ఆగుతుందన్న భయం చాలా తక్కువ. జర్మనీలోని ఎల్బే నది మీదికి ఆగస్టులో వెళ్ళమని మాత్రం నేనెవరికీ చెప్పను.

ఓడ మార్పు తప్పనిసరైన పరిస్థితిలో పెద్ద సంస్థకు ఒక లాభం ఉంది. వైకింగ్‌కు యూరప్ నదుల మీద అందరికన్నా ఎక్కువ ఓడలు, అవి కూడా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండటం వల్ల, ఒక ఓడలోంచి దిగి మరొక ఓడలో అదే నంబరు గదిలోకి వెళ్తే సబ్బు డబ్బా కూడా అదే చోట ఉంటుంది. రెండు మూడు ఓడలే ఉన్న సంస్థకు ఇది సాధ్యం కాదు, అప్పుడు మిగిలేది బస్సు, హోటలు. వైకింగ్ అలంకరణ ఆసుపత్రిలా తెల్లగా ఉందని, అన్ని ఓడలూ ఒకేలా ఉన్నాయని వెక్కిరించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. యూనివరల్డ్ ఓడలు దానికి పూర్తిగా భిన్నం, ప్రతి ఓడా ఒక రాజమందిరంలా బంగారు అంచులతో, పట్టు గోడలతో ఉంటుంది. ఫొటోల్లో చూడటానికి ముచ్చటే గానీ వారం రోజులు ఆ ఎర్ర పట్టు మధ్య కూర్చోవడం నా వల్ల కాదు.

మా ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయిన గంట స్లొవేకియాలో గాబ్చికొవో లాకు దగ్గర గడిచింది. రాత్రి పదకొండు దాటింది, డెక్కు మీద నేనూ కాపలా అబ్బాయీ తప్ప ఎవరూ లేరు. ఓడ ఆ గదిలోకి ప్రవేశించి ఆగింది. 275 మీటర్ల పొడవు, 34 మీటర్ల వెడల్పు, రెండు పక్కలా నాచు పట్టి నీరు కారుతున్న కాంక్రీటు గోడలు. తలుపులు మూసుకున్నాక శబ్దం లేకుండా ఓడ లేవడం మొదలైంది, గోడ మీద తడి చారలు ఒక్కొక్కటే కిందికి జారిపోయాయి, ఇరవై నిమిషాలకు నా తల గోడకన్నా పైకి వచ్చి అవతలి జలాశయం దీపాలు కనిపించాయి. ధవళేశ్వరం లాకుల దగ్గర నలుగురు మనుషులు గేరు తిప్పి తలుపులు తెరవడం, అందులోంచి ధాన్యం పడవలు కాలువలోకి దిగడం చిన్నప్పుడు మా నాన్నగారి చెయ్యి పట్టుకుని చూశాను. సూత్రం అదే. ఇక్కడ నీరు దాదాపు ఇరవై మీటర్లు ఎత్తింది. ఈ గంటకు ఏ సంస్థా విడిగా డబ్బు తీసుకోదు, ఏ బ్రోషరులోనూ ఇది లేదు. నిద్రపోకుండా ఉండాలి, అంతే.

ఊళ్ళు చూడటం గురించి ఎక్కువ రాయను. గైడు మాటలు చెవిలో వినిపించే పరికరం అందరికీ ఇస్తారు, మెల్లగా నడిచేవారికి వేరే గుంపు ఉంటుందా అని అడిగి తీసుకోవాలి. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. వియన్నాలో ఓడలు సాధారణంగా రైఖ్స్‌బ్రూకె వంతెన దగ్గర ఆగుతాయి, అక్కడ్నుంచి మెట్రోలో పది నిమిషాల్లో స్టీఫెన్ చర్చి ముందు దిగవచ్చు. దానికి సంస్థ అమ్మే బస్సు టికెట్టు కొనవలసిన పని లేదు.

వీసా దగ్గర మాకు చిక్కు వచ్చింది. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. ఓడ ప్రయాణంలో ఏ రాత్రి ఏ దేశంలో ఉన్నట్టో టికెట్టు చూస్తే తెలియదు. మా ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఎక్కే తేదీ, దిగే తేదీ తప్ప మరేమీ లేవు. తేదీలవారీగా రేవుల పట్టిక తెప్పించుకోవడానికి రెండు వారాలు ఫోన్లు చేయవలసి వచ్చింది, ఈలోగా అపాయింట్‌మెంటు దాటిపోయింది. బుడాపెస్టులో ముందుగా రెండు రాత్రులు హోటలు పెట్టుకోవడంతో హంగరీ రాత్రులే ఎక్కువై లెక్క సులువయింది. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. బుడాపెస్టు నుంచి కిందికి, సెర్బియా మీదుగా వెళ్ళే ఓడ ఎక్కేవారు మల్టిపుల్ ఎంట్రీ అడగాలి, ఎందుకంటే సెర్బియా షెంగెన్‌లో లేదు, అక్కడ్నుంచి తిరిగి రావడం రెండవ ప్రవేశం కిందికి వస్తుంది.

ఇన్ని చూశాక ఎవరికి ఏది అన్నది ఇలా తేలింది. మాలాగా అరవై దాటి, మద్యం ముట్టకుండా, నిశ్శబ్దంగా నది చూడాలనుకునే దంపతులకు వైకింగ్ గానీ అవలాన్ గానీ సరిపోతుంది. గదిలో ఎక్కువసేపు గడిపేవారు అవలాన్ తీసుకోవాలి, నీటిమట్టం భయం ఉన్నవారు వైకింగ్ తీసుకోవాలి. చిన్నపిల్లలతో వెళ్ళేవారికి వైకింగ్ ప్రసక్తే లేదు, పద్దెనిమిదేళ్ళు నిండని వారిని ఎక్కించుకోరు. ఎమరాల్డ్ ఓడలో వెనక భాగంలో వేడినీళ్ళ ఈతకొలను ఉంటుంది, రాత్రి దాని మీద నేల పరిచి సినిమా వేస్తారు. నలభై ఏళ్ళ వారికి అది నచ్చవచ్చు, సీనిక్ సోదర సంస్థ అయినా ధర బాగా తక్కువ. టాక్ ధర మన రూపాయల్లో చూసుకుంటే గుండె ఆగుతుంది గానీ, ఆ ధరలో దాచిన ఖర్చులు లేవని వెళ్ళివచ్చిన ఇద్దరు స్నేహితులు చెప్పారు.

వచ్చే ఏడాది మా అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ళ మనవరాలు కలిసి వస్తామంటున్నారు. ఈసారి డ్యూరో అనుకున్నాము. అక్కడ కరపటేలో లాకు ఓడను ఒక్కసారిగా 35 మీటర్లు ఎత్తుతుందని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు, పైగా ఆ నది మీద రాత్రిపూట ఓడలు నడపరు కాబట్టి చూడవలసినదంతా పగలే కనిపిస్తుంది. మనవరాలు ఉంది కాబట్టి వైకింగ్ పోయింది. అల్లుడికి సైకిల్ పిచ్చి కాబట్టి అమావాటర్‌వేస్ వైపు మొగ్గుతున్నాము. శాకాహారం గురించిన కాగితాన్ని ఈసారి ముందే పంపించాను, అడ్వాన్సు మాత్రం ఇంకా కట్టలేదు. పోయినసారి మా గది ఓడ వెనక భాగంలో ఉండి, రేవులో ఆగే ప్రతిసారీ తెల్లవారుజామున ఇంజను గోడలను వణికించింది. అందుకని గదుల ప్లాను పంపించి ఇంజను ఎటువైపు ఉందో గుర్తు పెట్టమని ఏజెంటును అడిగాను. జవాబు వచ్చాకే డబ్బు కడతాను.